వాగు ఒడ్డున చాటింపు

శ్రావణమాసపు ముసురు పట్టిన మూడవ దినమున, ఖమ్మము జిల్లాలోని ఒక మండల కేంద్రమున, పోలీసు ఠాణా ముంగిటినుండి బయలుదేరిన ఆటో యొకటి, పైన కట్టిన మైకుతో సందుసందునను తిరుగుచు, "వాగు పొంగుతున్నది, చప్టా దాటవద్దు, పిల్లలను నీళ్ల దగ్గరికి పోనీయవద్దు" అని చాటుచుండగా వింటిని. ఒకనాడు ఈ పనిని డప్పు చేసెడిది. గ్రామమున ఏ వార్తయైనను, ఏ యాజ్ఞయైనను దండోరా వేయువాని గొంతు మీదుగానే ఇంటింటికిని చేరెడిది. నేడు ఆ గొంతు మైకులోనికిని, మైకునుండి అరచేతిలోని ఫోనులోనికిని మారినది గాని చాటింపు స్వరూపము మాత్రము మారలేదు. అది నేటికిని ఒక్క వాక్యమే. ఆ వాక్యము తుదను 'వద్దు' అను మాట యుండును. ఎందుకు వద్దో చెప్పుటకు మైకునకు తీరిక యుండదు.

మన ఠాణాలకును పంచాంగము వంటిదొకటి కలదు. వానకాలమున వాగులు, పిడుగులు, భాద్రపదమున వినాయక నిమజ్జనము, దీపావళికి బాణసంచా, మార్గశిర పుష్యములలో పొగమంచు, సంక్రాంతికి తాళము వేసిన ఇండ్లు, గాలిపటముల మాంజా, వేసవి సెలవులలో కాలువలలోను బావులలోను ఈతకు దిగు పిల్లలు. ఏటేట అవే ఋతువులు వచ్చును, అవే హెచ్చరికలును వచ్చును. విని విని చెవి మొద్దుబారినవారు, అది పోలీసువారు తమ విధి తీర్చుకొనుటకు చదువు మంత్రమని తలంచి దాటిపోవుదురు. ఆ ఒక్కొక్క 'వద్దు' వెనుకను ద్రవగతిశాస్త్రమో, విద్యుచ్ఛాస్త్రమో, శరీరధర్మశాస్త్రమో ముడుచుకొని యున్నదనియు, కారణము నెరిగినవాడు మైకు వినబడని చోట, కంచె వేయని చోట కూడ తన్ను తాను కాపాడుకొనగలడనియు నా నమ్మకము. అందుచేత ఆ మైకు విడిచిపెట్టిన 'ఎందుకు'ను నేనిచట పూరింప బూనితిని.

ఆ సాయంకాలము చప్టా యొద్దకు పోయితిని. చప్టా యనగా ఎత్తైన స్తంభములపై నిలిచిన వంతెన గాదు. వాగు అడుగునకు కొంచెమెత్తున సిమెంటుతో పరచిన బాట. వేసవిలో దాని క్రింది తూములగుండ సన్నని ధార పారును. వరద వచ్చినపుడు వాగే దానిపై నెక్కి పారును. ఇవతలి యొడ్డున ముండ్లకంప అడ్డము వేయించి, ఇద్దరు కానిస్టేబుళ్లతో ఎస్సై నిలిచియుండెను. పంచె పైకి దోపిన ముసలి రైతొకడు ఆయనతో వాదమాడుచుండెను.

"సారూ, ఈ చప్టా నేను పుట్టినకాడి నుంచి ఎరికె. మోకాలు లోతు గూడ లేదు. అవతల గేదెల పాలు పిండే యాళ్లయింది."

"లోతు నాకూ కనబడ్తనే ఉంది తాతా. వడి సూడు. ఆ తుమ్మకొమ్మ ఎట్ల పోయిందో సూసినవా?"

రైతు చూచెను. కొమ్మ అప్పటికే మలుపు దాటిపోయినది. అతడు మారుమాటాడలేదు గాని, మనసున ఒప్పుకొనినట్లును కనబడలేదు. ఎస్సై చెప్పిన ఆ రెండు మాటలలో, లోతు కాదు వడి యను ఆ రెండు మాటలలో, ఈ విషయమున చెప్పదగిన శాస్త్రము ముక్కాలు వంతు ఇమిడియున్నది. దానిని కొంత విప్పి చూతము.

ఒడ్డు వెంబడి 10 మీటర్ల దూరమును అంగలతో కొలిచి, రెండు పుల్లలు గ్రుచ్చి, కొట్టుకొనివచ్చు చెత్త ఒక పుల్లనుండి రెండవదాని వరకు చేరుటకు పట్టు కాలమును గడియారముతో చూచితిని. 5 సెకండ్లు పట్టినది. అనగా సెకండునకు 2 మీటర్ల వేగము. త్వరగా నడచు మనిషి వేగమునకు ఇది కొంచెమెక్కువ, అంతియే. వినుటకు భయము గొలుపు సంఖ్య కాదు. అయినను అరమీటరు లోతున ఈ వేగముతో పారు నీరు, చప్టా నిడివిలోని ప్రతి మీటరు మీదుగను సెకండున కొక ఘనపు మీటరు చొప్పున దాటిపోవును; ఘనపు మీటరు నీటి బరువు 1000 కిలోలు. మన కన్నులకు గోధుమరంగు వస్త్రమొకటి పరచినట్లు కనబడు ఆ ప్రవాహము, నిజమునకు మీటరు మీటరుకును సెకండుకొక టన్ను చొప్పున అడ్డముగా సాగుచున్న బరువుల బారు. గాలి ఇదే వేగమున వీచినచో మనకది పిల్లతెమ్మెర. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది కావున అదే వేగము మనిషిని పడద్రోయుటకు చాలును.

ఇక రెండవ సూత్రము. కదలు నీటి త్రోపు వేగముతో సమానముగా పెరుగదు. వేగముయొక్క వర్గముతో పెరుగును. వేగము రెట్టింపైన త్రోపు నాలుగు రెట్లగును, మూడింతలైన తొమ్మిది రెట్లగును. మోకాలిని కొంచెము దాటిన నీటిలో నిలిచిన మనిషి కాళ్లపై, సెకండునకు 1 మీటరు వేగమున పడు త్రోపు సుమారు 6 కిలోల బరువుతో సమానము, అది ఓర్చుకొనదగినదే. ఉదయమున ఆ వేగమున దాటి, పాలు పిండుకొని, సాయంకాలము మరల వచ్చునప్పటికి నీటిమట్టము దాదాపు అట్లే యుండి వేగము మాత్రము 2 మీటర్లైనదనుకొందము: త్రోపు 24 కిలోలగును. ఆ త్రోపున కెదురుగా మనలను నిలుపునది అరికాలి క్రింది ఘర్షణ యొక్కటే. అదియో, పాచి పట్టిన సిమెంటుపై శరీర భారమున మూడవ వంతో, హెచ్చుగ సగమో మించదు. దీనికి తోడు నీరు మనలను పైకి ఎత్తును. నడుము లోతున నిలిచిన 60 కిలోల మనిషి పాదముల మీద నిజముగా మోపబడు బరువు 40 కిలోలకు తగ్గిపోవును. పక్కకు త్రోయు బలము పెరుగుటయు, నేలను పట్టుకొను బలము తరుగుటయు ఒక్కసారే జరుగును. కావుననే మనిషి క్రమక్రమముగా తూలి పడడు. అంతవరకు నిలకడగానున్నవాడు ఒక్క అడుగుతో లేచిపోవును.

కార్ల సంగతి ఇంతకంటె వింతయైనది. బరువైన వస్తువు గనుక వాహనము నీటికి కదలదని లోకము తలంచును. ఆర్కిమిడీసు సూత్రము వేరుగా చెప్పును. 1000 కిలోల చిన్న కారు అడుగు వైశాల్యము సుమారు 5 చదరపు మీటర్లు. నేలనుండి దాని అడుగు రేకు 17 సెంటీమీటర్ల ఎత్తున నుండును. నీరు ఆ రేకును తాకిన పిమ్మట ఎక్కు ప్రతి 10 సెంటీమీటర్లకును కారు అర ఘనపు మీటరు నీటిని తొలగించును, అనగా 500 కిలోల బరువును కోల్పోవును. అడుగు లోతు నీటిలో, లోనికి నీరు చొరనంతవరకు, ఆ కారు టైర్లపై మిగులు బరువు 350 కిలోల ప్రాంతము. అప్పుడది కారు గాదు, చక్రములు గల డొప్ప. ప్రక్కనుండి తగులు ప్రవాహమునకు తలుపుల వెడల్పంతయు తెరచాప వలె పనిచేయును. అడుగు లోతు నీరు చిన్న కార్లను, రెండడుగుల నీరు చాల వాహనములను కొట్టుకొనిపోవునని అమెరికా జాతీయ వాతావరణ సంస్థ హెచ్చరించుట ఈ లెక్క మీదనే. పోలీసువారు కంప అడ్డము వేసినచో, ప్రక్కగా త్రోవ చేసుకొని ముందునకు పోవు వాహనదారుని ధైర్యము ఇంజను శక్తిపై నమ్మకము వలన కలిగినది. కాని చక్రము నేలనంటకున్న యెడల ఎంతటి ఇంజనైనను చేయగలిగినదేమియు లేదు.

ఇంకొకటి. ఎరుపెక్కిన నీటి క్రింద బాట ఉన్నదో లేదో పైనుండి తెలియదు. చప్టా దిగువ అంచున జారిపడు నీరు సుడులు తిరిగి మట్టిని తోడివేయును. నిన్నటి సిమెంటు పలక క్రింద నేడు గొయ్యి ఉండవచ్చును, లేదా పలకయే గండిపడి పోయియుండవచ్చును. పైగా మన ఊరిలో వాన వెలిసినంత మాత్రమున వాగు తగ్గవలయునన్న నియమము లేదు. ఎగువన యాభై కిలోమీటర్ల దూరమున రాత్రి కురిసిన వాన మన చప్టాకు మరునాటి మధ్యాహ్నమున చేరవచ్చును, ఎండ కాయుచుండగా. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచెత్తి వేల ప్రాణములను బలిగొన్నపుడు, అఫ్జల్‌గంజి ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రతికి బయటపడిరి. ఆ చెట్టు నేటికిని అచట ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణమున నిలిచియున్నది. దానిని చూచినపుడెల్ల నాకు తోచునది, వరదలో నిలువగలిగినది నేలలోనికి వేరు దిగినది మాత్రమే యని. ఆ విపత్తు పిమ్మటనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాపై ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు వెలసినవి.

ముసలి రైతు ఎందుకు ఒప్పుకొనలేదో కూడ శాస్త్రము చెప్పగలదు. ఏమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1973లో ప్రకటించిన పరిశోధనలో, మానవుడు ఒక ప్రమాదము సంభవించునో లేదో లెక్కకట్టునపుడు సంఖ్యలను చూడడనియు, అట్టి ఘటన ఎంత సులభముగా జ్ఞప్తికి వచ్చునో దానినిబట్టి నిర్ణయించుననియు చూపిరి. రైతునకు జ్ఞప్తికి వచ్చునవి తాను క్షేమముగా దాటిన వందలకొలది సాయంకాలములు. దాటలేకపోయినవారు వచ్చి తమ అనుభవము చెప్పరు గదా! ఆయన అనుభవము అసత్యము కాదు, అసంపూర్ణము. ఆ లోటును పూరించుటకు 'వద్దు' అను మాట చాలదు; కొమ్మను చూపి వడి చూడుమనిన ఎస్సై మార్గమే సరియైనది. హెచ్చరిక చేయు అధికారి ఒక్క కారణమును, కంటికి కనబడు ఒక్క గుర్తును కలిపి చెప్పినచో, ఆ చాటింపు చెవిని దాటి బుద్ధిని చేరును.

వానకాలపు రెండవ హెచ్చరిక పిడుగు. మన దేశమున ఏటేట 2,500 మందికి పైగా పిడుగుపాటున మరణించుచున్నారు. వీరిలో చాలమంది పొలములలో పనిచేయువారు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశమున 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు పడినట్లు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నమోదు చేసినది. అట్టి దినములలో ఠాణాలనుండి పోవు మాట యొకటే: చెట్టు క్రింద నిలువవద్దు. పల్లెవాసికి ఈ మాట ప్రకృతి విరుద్ధముగ తోచును. వాన వచ్చినపుడు చెట్టు క్రిందికి చేరుట తరతరముల అలవాటు. చెట్టుపై పడిన విద్యుత్తు మాను వెంట క్రిందికి దిగుచు, మానుకంటె సులభమైన మార్గము కనబడిన చోట ప్రక్కకు దూకును. ఉప్పునీటితో నిండిన మానవ శరీరము ఎండిన బెరడుకంటె దానికి అనువైన త్రోవ. ఒకవేళ దూకకున్నను, నేలను చేరిన విద్యుత్తు చెట్టు మొదటినుండి నలుదిక్కులకు వ్యాపించును. దూరము పెరిగినకొలది దాని పీడనము తగ్గును. రెండు పాదములు ఎడముగా నిలిచినచో, ఒక పాదమున్న చోటికిని రెండవది ఉన్న చోటికిని గల ఆ తేడా వలన విద్యుత్తు ఒక కాలిలోనుండి ఎక్కి రెండవ కాలిలోనుండి దిగును. ముందుకాళ్లకును వెనుకకాళ్లకును నడుమ ఎడము అధికమగుటచేత, పైగా ఆ మార్గమున గుండె యుండుటచేత, చెట్టు క్రింద చేరిన పశువుల మంద ఒక్క పిడుగునకే కూలిపోవుట మనము వినుచుందుము.

మెరుపు కనబడిన క్షణమునుండి ఉరుము వినబడువరకు సెకండ్లు లెక్కించి మూడిట భాగించినచో పిడుగు పడిన దూరము కిలోమీటర్లలో తేలును. ఏలయన ధ్వని సెకండునకు 340 మీటర్లు మాత్రమే నడచును. లెక్క 30కి లోపుగ నున్నచో పని విడిచి పక్కా ఇంటిలోనికో, తలుపులు మూసిన కారులోనికో చేరవలయును. తుది ఉరుము వినిపించిన పిమ్మట అరగంట వరకు వెలికి రారాదు. ఇనుప రేకు చుట్టియున్న కారులో విద్యుత్తు రేకు వెంటనే జారి నేలకు పోవును. ఇది ఫారడే మహాశయుడు 1836లో ప్రయోగపూర్వకముగ చూపిన సంగతి. చేతిలోని సెల్‌ఫోను పిడుగును ఆకర్షించునను ప్రచారమునకు ఆధారము లేదు. నిజమునకు ఆ ఫోనులోనే, పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ సిద్ధపరచిన దామిని యాప్ ద్వారా, దగ్గరలో పిడుగు పడు సూచనలు ముందుగా తెలియును. ఇంకొక దురభిప్రాయము ప్రాణములు తీయునది: పిడుగు తగిలినవానిని ముట్టుకొనరాదని దూరముగ నిలుచుట. ఆ శరీరమున విద్యుత్తు నిలిచియుండదు. గుండె యాగినవానికి వెంటనే ఎదురొమ్ముపై నొక్కుచు ఊపిరి యందించినచో బ్రతుకు అవకాశమున్నది.

నిమజ్జనపు హెచ్చరికలలో ముఖ్యమైనది విగ్రహము ఎత్తు, తీగల ఎత్తు సరిచూచుకొనుట. 11 వేల వోల్టుల తీగను తాకనక్కరలేదు, తడిసిన వెదురు కర్ర దాని దరికి చేరినను చాలును. దీపావళి విషయమున, 4 మీటర్ల దూరమున 125 డెసిబెళ్లు మించిన టపాసులు నిషిద్ధములను నియమమును, రాత్రి 8 నుండి 10 గంటల వరకే కాల్చవలయునను 2018 నాటి సుప్రీంకోర్టు ఆదేశమును ఠాణాలు ఏటేట గుర్తుచేయుచున్నవి. నాకు అంతకంటె ముఖ్యముగ తోచునది కాకరపువ్వొత్తి. మందుగుండు సామగ్రిలో నిరపాయమైనదని మూడేండ్ల బిడ్డ చేతికిచ్చు ఆ తీగ కొనయొద్ద వేడిమి 1000 డిగ్రీలు దాటును; వెలుగు ఆరిన పిమ్మట కూడ ఎర్రదనము కనబడకయే కాల్చగలదు. ప్రక్కన బకెట్టులో నీరుంచుకొని కాలిన తీగలను అందు వేయవలయును. చర్మము కాలినచో 20 నిమిషములు కుళాయి క్రింద చల్లని నీటిధారకు పట్టవలయునే గాని సిరాయు, పేస్టును పూయరాదు. పూత వేడిని లోననే నిలిపియుంచును.

పుష్యమాసమున హైదరాబాదు విజయవాడల నడుమనున్న 65వ జాతీయ రహదారిపై, సంక్రాంతికి ఊళ్లకు పోవు కార్లు పంతంగి టోల్‌గేటు యొద్ద చీమలబారు వలె సాగు దినములలో, పోలీసువారు తెల్లవారుజామున నెమ్మదిగా నడుపుడని బోర్డులు నిలుపుదురు. దీర్ఘమైన రాత్రి, మబ్బులేని ఆకాశము, కదలని గాలి కూడినపుడు నేల తన వేడిని ఆకాశమునకు వెదజల్లి చల్లబడును. నేలనంటిన తడిగాలి మంచుబిందువు హద్దును చేరి, ధూళి రేణువుల చుట్టు సూక్ష్మ జలకణములుగ మారును. చెరువుల ప్రక్కను, వాగుల పల్లములలోను ఇది ముందుగా దిగి తుదకు తొలగును. చూపు 50 మీటర్లు మాత్రమే ఆనుచున్నదనుకొందము. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకండునకు 22 మీటర్లు గడచును. ఎదుటిదానిని చూచి కాలు బ్రేకుపై పడుటకు పట్టు ఒకటిన్నర సెకండులో 33 మీటర్లు, తడిసిన బాటపై ఆగుటకు ఇంకొక 60 మీటర్లు, వెరసి 90 మీటర్లకు పైబడును. అనగా అడ్డముగ ఆగియున్న లారీ కంటబడునప్పటికే ఆ ప్రయాణము ముగిసినదన్నమాట. 40 కిలోమీటర్ల వేగమున అదే లెక్క 32 మీటర్లకు దిగును; చూపునకు లోపలనే కారు నిలుచును. ఇచటను వేగముయొక్క వర్గమే. వాగులోని సూత్రమే రహదారిపైకి ఎక్కి వచ్చినది. మంచులో పెద్ద లైటు వేసినచో జలకణములు ఆ కాంతిని మన కన్నులకే త్రిప్పికొట్టి ఎదుట తెల్లని గోడ కట్టును. క్రిందికి దించిన లైటే మేలు.

మంచు లేని రాత్రియందును, రెండు గంటలనుండి అయిదు గంటలవరకు మానవ శరీరములోని గడియారము నిద్రనే కోరును. ఆ వేళ లారీల నాపి డ్రైవర్లచే ముఖము కడిగించి పంపు పోలీసువారిని చూచి విసుగుకొనువారున్నారు. మూడు సెకండ్ల కునుకులో 80 కిలోమీటర్ల వేగమున బండి 66 మీటర్లు డ్రైవరు లేకయే నడచును. ముఖము కడుగుటకు దిగిన అయిదు నిమిషములు ఆ కునుకును కొంతసేపు వెనుకకు నెట్టునే గాని తీర్చజాలవు. దానిని తీర్చునది బండి ప్రక్కకు ఆపి తీయు నిద్ర యొక్కటే.

ఊరికి పోయినవారి ఇంటి తాళము మాట. లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అను సామాజిక శాస్త్రజ్ఞులు 1979లో ఒక సిద్ధాంతమును ప్రతిపాదించిరి: దొంగిలింప గోరువాడు, దొంగిలింపదగిన వస్తువు, కావలి లేమి, ఈ మూడును ఒకే చోట ఒకే కాలమున కూడినపుడు నేరము జరుగును. మొదటివానిని గృహస్థు మార్పజాలడు. రెండవదానిని బ్యాంకు లాకరులో నుంచవచ్చును. సంక్రాంతికి నగరమున వీథులకు వీథులు ఖాళీయగుటచేత ముఖ్యమైనది మూడవదే. గుమ్మమున ముడుచుకొని పడియున్న వార్తాపత్రికలు, వాకిట ముగ్గు లేకపోవుట, ఊరిలో తీసిన ఫొటోలను నాటి సాయంకాలమే లోకమునకు చూపుట, ఇవన్నియు కావలి లేదని చాటు దండోరాలే. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళము వేసిన ఇండ్లకు ఉచితముగ కెమెరాను అమర్చి, లోపల కదలిక కలిగినంతనే కంట్రోలు రూమునకు తెలియునట్లు చేయు ఏర్పాటు, ఆ మూడవ అంశమును యంత్రముచే పూరించు ప్రయత్నము. ఒక ఇంట దొంగతనము జరిగిన పిమ్మట కొన్ని వారములపాటు ఆ చుట్టుప్రక్కల ఇండ్లకు అపాయము హెచ్చునని పలు దేశముల పరిశోధనలు తేల్చినవి. తోవ తెలిసిన దొంగ తెలిసిన చోటికే మరల వచ్చును. కావున ప్రక్కింటిలో దొంగలు పడిరనిన, మన యింటిని వదలిరని సంతోషింప వీలులేదు.

ఆ పండుగ దినములలోనే గాలిపటముల దారము. గాజుపొడి పూసిన నైలాను మాంజాను 2017 జులైలో జాతీయ హరిత ధర్మాసనము దేశమంతటను నిషేధించినది. నూలుదారము మెడకు తగిలినచో తెగును. నైలాను సాగును గాని తెగదు, గాజు రేణువులు దానికి రంపపు పండ్లగును. మోటారుసైకిలు వేగమంతయు వెంట్రుక వాసి వెడల్పుపై కేంద్రీకరింపబడును. ఆ దినములలో ముందు కూర్చుండబెట్టుకొన్న పిల్లలతో వంతెనలపై వేగముగ పోవుట నాకు చూడ భయము గొలుపును. మెడకు మందమైన కండువా చుట్టుకొనుట చిన్న ఉపాయమే గాని ఫలించును.

ఇక వేసవి. అన్నిటికంటె నన్ను కలతపెట్టు హెచ్చరిక ఇదియే, పోవునవి పిల్లల ప్రాణములగుటచేత. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము 2021లో లోకమున సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించిరి. మన ప్రాంతమున ఈ మరణములు సముద్రములో కంటె కాలువలలో, వ్యవసాయ బావులలో, కంకర త్రవ్వి విడిచిన క్వారీ గుంటలలో అధికముగ జరుగుచున్నవి. క్వారీ గుంటకు చెరువువలె క్రమముగ లోతగు వాలు ఉండదు. నిలువుగా చెక్కిన రాతిగోడ యది; ఒక్క అడుగు తప్పిన వెంటనే ఇరువది ముప్పది అడుగులు దిగును. ఎండకు పైనీరు గోరువెచ్చనై తేలియుండును, క్రిందినీరు చల్లగ వేరు పొరగ నిలిచియుండును; దూకిన బిడ్డ ఆ చలికి ఒక్కసారి గుక్క తిప్పుకొన జూచును, ఆ గుక్కలో నీరు పోవును. మునుగువాడు చేతులూపుచు కేకలు వేయునని మనము సినిమాలలో చూచితిమి. నిజముగా మునుగువానికి కేకవేయుటకు ఊపిరి యుండదు. నోరు నీటిమట్టమునకు పైకి క్రిందికి అగుచుండును, చేతులు ప్రక్కలకు చాచి నీటిని అదుముచుండును, నిమిషము గడువకమునుపే అంతయు నిశ్శబ్దముగ ముగియును. ఒడ్డున పదిమంది ఉండగా ఒకడు కనబడకపోవుటకు కారణమిదే. కావున అకస్మాత్తుగ మాట నిలిచిన పిల్లవానినే ముందు చూడవలయును.

చూచినవాడు వెంటనే దూకరాదు. మునుగువాడు అందినదానినెల్ల పెనవేసుకొని ఇరువురును మునుగుదురు. ఒకరి కొరకు ఒకరుగా అన్నదమ్ములు వరుసగ పోయిన కథలు ప్రతి జిల్లాలోను ఉన్నవి. తాడో, చీరయో, గెడయో అందింపవలయును. ఖాళీ ప్లాస్టిక్ డబ్బా మూతబిగించి విసరినను తేలును. ఈ నియమమే పూడిక తీయు బావికిని వర్తించును. పూడిక తీయుటకు పాతబావిలో దిగునపుడు ముందుగా లాంతరును దింపి చూచు పెద్దల అలవాటు బొగ్గుపులుసు వాయువును కనిపెట్టుటకు పనికివచ్చినది. కాని కుళ్లిన బురదనుండి పుట్టు విషవాయువును అది చూపదు, మండు వాయువు చేరియున్నచో నిప్పే ప్రమాదము. అందుచేత మొదటివాడు సొమ్మసిల్లినచో రెండవవాడు దిగక అగ్నిమాపక సిబ్బందిని పిలువవలయునని ఠాణావారు చెప్పు మాటను అక్షరాల పాటింపవలయును.

ఒడ్డునకు చేర్చిన బిడ్డను తలక్రిందుగ త్రిప్పుటయు, కడుపు నొక్కి నీరు కక్కించుటయు మన ఊళ్లలో ఇంకను జరుగుచున్నది. ఊపిరితిత్తులలోనికి పోయిన కొద్ది నీరు ఆ విధమున తిరిగి రాదు. కడుపులోనిది మాత్రము పైకి వచ్చి శ్వాసనాళమున పడును. నీట మునిగినవానికి కావలసినది గాలి. ఒకరు 108కిగాని 112కుగాని ఫోను చేయుచుండగా, రెండవవారు బిడ్డను వెల్లకిల పరుండబెట్టి, గడ్డము కొంచెమెత్తి, ముక్కు మూసి, నోటితో ఊపిరి పోయవలయును. పిమ్మట ఎదురొమ్ము నడుమ అరచేతి మడమతో వడిగా నొక్కవలయును. అంబులెన్సు చప్పుడు వినబడువరకు ఆ రెండును మారిమారి సాగవలయును.